పరిశోధన ఒప్పందాల్లో రైతు సంతకం ఎక్కడ?

అటవీ ఉత్పత్తుల పరిశ్రమ అనగానే మనకు అడవి, రేంజరు, వెదురు కూపు గుర్తొస్తాయి. కానీ రాజమహేంద్రవరం నుంచి కాగజ్‌నగర్ దాకా కాగితం మిల్లుల గేట్ల ముందు బారులు తీరిన లారీలను ఒకసారి చూడండి. వాటిలో ఉన్నది చాలావరకు అడవి కర్ర కాదు. ప్రకాశం సుబాబుల్, ఖమ్మం జామాయిల్, కోస్తా తీరపు సరుగుడు. పట్టా పొలంలో రైతు అప్పు తెచ్చి నాటి, మూడు నాలుగేళ్లు ఎదురుచూసి నరికిన పంట అది. పేరుకు అటవీ పరిశ్రమ, ముడిసరుకు మాత్రం వ్యవసాయానిది. అలాంటప్పుడు ఆ పరిశ్రమ ఎవరితో కలిసి పరిశోధన చేస్తోంది, ఎవరికి శిక్షణ ఇస్తోంది, ఎవరితో ఏం ఒప్పందం రాసుకుంటోంది అన్నవి రైతు సంఘం పట్టించుకోవలసిన సంగతులే. ఇన్నాళ్లూ మనం గిట్టుబాటు ధర దగ్గరే ఆగిపోయాం. ధర కన్నా ముందే చాలా విషయాలు తేలిపోతున్నాయి.

పరిశోధనా సంస్థ, మిల్లు కలిసి ఒప్పందం చేసుకున్నాయన్న వార్త పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తుంది. ఫొటోలో ఇటు శాస్త్రవేత్త, అటు కంపెనీ అధికారి, మధ్యలో ఫైలు. కింద వార్తలో రైతుల ఆదాయం పెరుగుతుందని ఒక వాక్యం. ఆ రైతులు మాత్రం ఫొటోలో ఉండరు, ఫైల్లోనూ ఉండరు. మేము పరిశోధన వద్దనడం లేదు. మిల్లులతో కలిసి పనిచేసే సంస్థలను తప్పుపట్టడం లేదు. ఆ బల్ల దగ్గర మూడో కుర్చీ వేయమంటున్నాం. ఎందుకో వివరంగా చెబుతాం.

ముందు చరిత్ర కొంచెం. ఒకప్పుడు కాగితం మిల్లులకు ప్రభుత్వాలు అడవి వెదురును, కర్రను నామమాత్రపు ధరకు కట్టబెట్టేవి. 1988 జాతీయ అటవీ విధానం ఆ రాయితీ ధరలకు స్వస్తి చెప్పాలంది. మిల్లులు తమకు కావలసిన కర్రను పెంచగలిగిన వాళ్లతో నేరుగా సంబంధం పెట్టుకుని సమకూర్చుకోవాలంది. ఇంకో మాట కూడా ఉంది ఆ విధానంలో. మన నాయకులు చాలామంది దాన్ని మరిచిపోయారు. పెంచేవాళ్లకు అప్పు సహా అవసరమైనవన్నీ, నిరంతర సాంకేతిక సలహా, చివర్లో నరికివేత, రవాణా సేవలు మిల్లే అందించాలని అందులో ఉంది. ముప్పై ఏళ్లు దాటింది. మొక్క వచ్చింది. కొంత సలహా వచ్చింది. మిగతా వాటి సంగతి తోట నరికించిన ప్రతి రైతుకూ తెలుసు.

మొక్క విషయంలో జరిగిన మేలును మేము తక్కువ చేయం. భద్రాచలం దగ్గర సారపాక మిల్లులో 1989లో జామాయిల్ క్లోన్ల పరిశోధన మొదలైంది. విత్తనంతో పెంచిన తోటలో ఒక చెట్టు ఏనుగు కాలంత, పక్క చెట్టు చేతి కర్రంత ఉండేది. శాస్త్రవేత్తలు తోటలు తిరిగి, తిన్నగా, లావుగా, రోగం లేకుండా ఎదిగిన చెట్లను ఏరారు. వాటిని నరికి, మొద్దు నుంచి వచ్చిన పిలకలను కోసి, మంచు తుంపర గదుల్లో వేళ్లు పుట్టించారు. ఒక్కో చెట్టు సంతానాన్ని వేర్వేరు నేలల్లో నాటి చూశారు. నల్లరేగడికి ఏది, ఎర్ర చెలకకు ఏది అని తేల్చి నంబర్లు ఇచ్చారు. విత్తనం తోట హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్లు ఇస్తే, క్లోన్లు 20 నుంచి 25 దాకా ఇచ్చాయని ఆ పరిశోధకులే ప్రచురించారు. 'భద్రాచలం క్లోన్' అన్న పేరు దేశమంతా పాకింది. సరుగుడు విషయంలో కోయంబత్తూరులోని అటవీ జన్యు, వృక్ష ప్రజనన సంస్థ ఇలాంటి పనే చేసింది. రెండు జాతులను కలిపి సంకర క్లోన్లు తెచ్చింది. అది ప్రభుత్వ సంస్థ, అంటే పన్ను డబ్బుతో నడిచేది.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే వందల ఎకరాల్లో ఒకే తల్లి పిల్లలు నిలబడితే ఏమవుతుందో 2000 దశకంలో చూశాం. ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక చిన్న కందిరీగ దక్షిణాదికి చేరింది. జామాయిల్ లేత ఆకుల ఈనెల్లో, తొడిమల్లో గుడ్లు పెట్టేది. అక్కడ బుడిపెలు లేచేవి, చిగురు ముడుచుకుపోయేది, మొక్క గిడసబారేది. నర్సరీలూ పోయాయి, ఏడాది తోటలూ పోయాయి. ఒక క్లోన్ తట్టుకోలేకపోతే ఆ క్లోన్ వేసిన ప్రతి తోటా తట్టుకోలేకపోయింది. దీనికి పరిష్కారమూ పరిశోధనే చూపింది. ఆ కందిరీగ మీద బతికే ఇంకో చిన్న కీటకాన్ని ఇజ్రాయెల్ నుంచి తెప్పించి, బెంగళూరులోని జాతీయ సంస్థ శాస్త్రవేత్తలు పెంచి తోటల్లో వదిలారు. తట్టుకునే క్లోన్లను ఏరారు. మంచి పని. మరి ఆ మధ్యలో పోయిన రెండు మూడేళ్ల తోటకు ఎవరు పరిహారం ఇచ్చారు? మొక్క అమ్మినవాళ్లు ఇవ్వలేదు. పంటల బీమా అనుకుంటే, దాని జాబితాలో జామాయిల్ ఎక్కడుంది? పరిశోధన లాభం పంచుకునేటప్పుడు భాగస్వాములు ముగ్గురు, నష్టం వచ్చేటప్పుడు రైతు ఒక్కడే.

ఇక్కడే అసలు విషయం. పరిశోధనకు డబ్బు ఎవరు పెడితే ప్రశ్నలు వాళ్లవే అవుతాయి. మిల్లు అడిగే ప్రశ్నలు మనకు తెలుసు. టన్ను కర్రకు గుజ్జు ఎంత దిగుతుంది? ఎన్నేళ్లకు నరికితే మిల్లుకు లాభం? చెట్టు ఎంత తిన్నగా ఉంటే చిప్పర్‌లో తేలిగ్గా పడుతుంది? వాటిలో తప్పేమీ లేదు. కానీ రైతు ప్రశ్నలు వేరు. రెండు కోతలు, మూడు కోతలు అయ్యాక మొద్దులు తీయించడానికి ప్రొక్లెయిన్ పెడితే ఎకరానికి ఎంతవుతుంది, తీశాక ఆ నేలలో కంది పండుతుందా, ఎన్నాళ్లకు పండుతుంది? వరుసల మధ్య దూరం పెంచి రెండో ఏడాది కూడా అపరాలు వేసుకుంటే కర్రలో ఎంత తగ్గుతుంది, చేతికి ఎంత వస్తుంది? పక్క చేను బోరులో నీళ్లు తగ్గితే అది ఈ తోట వల్లేనా? కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్నే నిషేధించింది. మన దగ్గర ఆ నిషేధం కావాలని కొందరంటారు, అదంతా అపోహేనని కంపెనీ క్షేత్ర సిబ్బంది అంటారు. ఏ నేలలో, ఎంత వానలో, ఎంత దూరంలో అన్నది కొలిచి చెప్పవలసిన బాధ్యత మొక్క అమ్మేవాడిది కాని సంస్థది. ఆ లెక్క మిల్లు డబ్బుతో చేయిస్తే ఎవరూ నమ్మరు, నమ్మనవసరమూ లేదు.

ఇంకో ప్రశ్న నరికే వయసు గురించి. నాలుగేళ్లకు నరికితే గుజ్జు మిల్లుకు చాలు. అదే తోటలో సగం చెట్లు తీసి సగం ఇంకో నాలుగైదేళ్లు ఉంచితే దుంగ లావెక్కుతుంది, కోత మిల్లుకూ ప్లైవుడ్ పొరకూ పనికొస్తుంది. హర్యానాలో యమునానగర్ ప్లైవుడ్ పరిశ్రమ అంతా రైతుల పోప్లార్, యూకలిప్టస్ దుంగల మీదే నిలబడింది. అంటే జామాయిల్‌కు గుజ్జు మిల్లు తప్ప గతి లేదన్నది ప్రకృతి ధర్మం కాదు. మన ప్రాంతంలో ఆ దారి ఎవరూ వేయలేదు, అంతే. బెంగళూరులో ప్లైవుడ్ పరిశోధన, శిక్షణ సంస్థ ఒకటి ఏర్పడింది. 1962లో పరిశ్రమ, కేంద్ర పరిశోధన మండలి చేతులు కలిపి సహకార పరిశోధనాశాలగా దాన్ని పెట్టాయి. ఫ్యాక్టరీల్లో పనిచేసే సూపర్‌వైజర్లకు, ఇంజనీర్లకు అది శిక్షణ ఇస్తూ వచ్చింది. దుంగ పెంచే రైతుకు, ఏ లావు దుంగకు ఎంత పొర దిగుతుంది, ముడులు లేకుండా కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి అని చెప్పే శిక్షణ మాత్రం మన మండలాల దాకా రాలేదు. వస్తే కొనేవాడు ఇంకొకడు పుడతాడు. ఇంకొకడు కొనేవాడు ఉంటేనే మొదటివాడు మర్యాదగా మాట్లాడతాడు.

కొనేవాడు ఒక్కడే ఉంటే ఏమవుతుందో తెలంగాణ జిల్లాల రైతులకు 2014 చూపించింది. ఆ ఒక్క ఏడాదిలో కమలాపురం రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ ఆగిపోయింది, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు మూతపడింది. సిర్పూర్ 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ తెరుచుకుంది. చెట్టు నిలబెట్టుకోవచ్చు, పాడయ్యే సరుకు కాదు కదా అని బయటివాళ్లు అంటుంటారు. నిలబెట్టుకోవచ్చు, నిజమే. బ్యాంకు వడ్డీ, పిల్ల పెళ్లి మాత్రం చెట్టుతో పాటు నిలబడవు.

ఇక తూకం. ఈ ఒక్క విషయం మీద ఒక పరిశోధన, ఒక శిక్షణ జరిగితే మిగతా ఒప్పందాలన్నిటి కంటే ఎక్కువ మేలు జరుగుతుందని మా నమ్మకం. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీరే. నరికిన నాటి నుంచి ఆ నీరు ఆవిరవుతూ ఉంటుంది. ఎండాకాలంలో మరీ త్వరగా. కూలీలు దొరక్క నాలుగు రోజులు, లారీ రాక మూడు రోజులు, గేటు ముందు వరుసలో రెండు రోజులు. అన్నాళ్లూ రైతు కర్ర బరువు తగ్గుతూనే ఉంటుంది. మిల్లుకు కావలసిన గుజ్జు మాత్రం అందులో అంతే ఉంటుంది, ఒక్క గ్రాము తగ్గదు. లారీలో 20 టన్నులు ఎక్కించారనుకుందాం. ఆలస్యం వల్ల అందులో పదో వంతు ఆరిపోతే రైతు 2 టన్నుల ధర పోగొట్టుకున్నట్టు. కొన్నవాడు ఏమీ పోగొట్టుకోలేదు. పైగా ఆరిన కర్ర వాడికి రవాణా ఖర్చు తగ్గిస్తుంది. దీని మీద బెరడు తీసి ఇవ్వాలా, బెరడుతోనా అన్న తేడా. దాని మీద సన్న కర్ర, వంకర కర్ర పేరుతో కోత. ఆ కోతకు లెక్క ఏమిటని అడిగితే కాటా దగ్గరి మనిషి చూపు పక్కకు తిప్పుకుంటాడు.

దీనికి శాస్త్రం లేక కాదు. కర్రలో తేమ కొలవడం పెద్ద విద్యేమీ కాదు. ఒక ముక్క కోసి తూచి, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూస్తే తెలిసిపోతుంది. ఎండు బరువు మీద ధర కట్టవచ్చు. లేదా నరికిన తర్వాత ఎన్నో రోజున తూచారో దాన్ని బట్టి ధర సవరించే పట్టిక వేయవచ్చు. ఏ నెలలో, ఏ జాతి కర్ర, రోజుకు ఎంత ఆరుతుందో మన వాతావరణంలో కొలిచి ఆ పట్టిక ఇవ్వడానికి ఒక పరిశోధక విద్యార్థికి ఒక ఏడాది సరిపోతుంది. హైదరాబాద్ దూలపల్లిలో కేంద్ర అటవీ పరిశోధన మండలి సంస్థ ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో (అడవులున్న ములుగు కాదు, ఇది వేరే) 2016లో మొదలైన తెలంగాణ అటవీ కళాశాల ఉంది. వాళ్లను ఈ పని ఎవరూ అడగలేదు. మిల్లు ఎందుకు అడుగుతుంది?

స్వీడన్‌లో ఈ సమస్యను ఎలా తేల్చుకున్నారో చెప్పుకోవాలి. అక్కడ కర్ర కొలిచేది మిల్లు కాదు, అమ్మేవాడూ కాదు. బయోమెట్రియా అనే ఉమ్మడి సంస్థ కొలుస్తుంది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరూ దానిలో సభ్యులు, ఇద్దరూ దానికి యజమానులు. దాని కొలతగాళ్లకు ప్రత్యేక శిక్షణ ఉంటుంది. కర్ర కొలతల మీద విడిగా ఒక చట్టమే ఉంది. అక్కడి అటవీ పరిశోధనా సంస్థ స్కోగ్‌ఫోర్స్క్‌కు ప్రభుత్వం, కంపెనీలు, చెట్లు పెంచేవాళ్ల సంఘాలు కలిసి డబ్బు పెడతాయి. సోడ్రా అనే సహకార సంఘంలో యాభై వేలకు పైగా చిన్న అటవీ యజమానులు సభ్యులు, గుజ్జు మిల్లులు ఆ సంఘానివే. స్వీడన్ వేరు, మనం వేరు, ఒప్పుకుంటాం. అక్కడ ఒక్కో కుటుంబానికి ఉన్న భూమి మన ఊరంత ఉంటుంది. కానీ తూకం ఇద్దరి ముందూ జరగాలన్న ఆలోచనకు ఎంత భూమి కావాలి? ఆంధ్రలో సుబాబుల్, జామాయిల్ కర్రను వ్యవసాయ మార్కెట్ కమిటీల ద్వారా కొనాలన్న ఏర్పాటు రైతుల పోరాటం వల్ల వచ్చింది. ఆ కమిటీకి సొంత కాటా, తేమ కొలిచే మనిషి ఉంటే స్వీడన్ పద్ధతికి సగం దూరం వెళ్లినట్టే. ఇప్పుడు చాలాచోట్ల కమిటీ చేసేది సెస్సు రాసుకోవడం.

శిక్షణ మాటకొస్తే, మనకు అందేది నాటడం గురించి. గుంత ఎంత లోతు, మొక్కకు మొక్కకు దూరం ఎంత, చెదలకు ఏం మందు. అది అవసరమే. కానీ రైతు మోసపోయేది నాటేటప్పుడు కాదు, అమ్మేటప్పుడు. చిన్న రైతుల్లో ఎక్కువమంది తోటను నిలువునా గుత్తకిచ్చేస్తారు. దళారి వచ్చి గట్టు మీద నిలబడి ఓ చూపు చూసి ఎకరానికి ఇంత అంటాడు. వాడి కంటికి ఇరవై ఏళ్ల అనుభవం, మన కంటికి నాలుగేళ్లకోసారి అనుభవం. ఇందులో నేర్చుకోవలసింది ఒక పూట పని. తోటలో అంచు చెట్లు వదిలి, అక్కడక్కడ ఓ వంద చెట్లు ఎంచుకుని, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే ఛాతీ ఎత్తున, టేపుతో చుట్టుకొలత రాసుకోవాలి. వాటిలో సన్నవి, మధ్యరకం, లావువి రెండేసి నరికి తూచుకోవాలి. ఏ లావుకు ఎంత బరువో తెలిశాక, వందలో ఎన్ని ఏ లావులో ఉన్నాయో చూసి, ఎకరంలో బతికున్న చెట్ల సంఖ్యతో లెక్క కట్టాలి. తేడా వస్తుంది, కానీ దళారి చూపు కన్నా దగ్గరగా వస్తుంది. అటవీ కళాశాల విద్యార్థులు మొదటి ఏడాదే నేర్చుకునే పాఠం ఇది. ఒక వేసవిలో వాళ్లను మండలానికి ఇద్దరిని పంపితే ఊళ్లో పదిమంది యువకులు నేర్చుకుంటారు.

ఇంకొకరున్నారు. నరికేవాళ్లు, బెరడు వలిచేవాళ్లు, లారీకి ఎత్తేవాళ్లు. మోటారు రంపం పట్టుకున్నవాడికి హెల్మెట్ ఉండదు, కాలికి బూటు ఉండదు. చెట్టు ఎటు పడాలో గంటు ఎలా పెట్టాలని ఎవరూ నేర్పి ఉండరు. బెరడు వలిచే పనిలో ఆడవాళ్లు ఎక్కువ. రంపం తెగి కాలు పోయినా, దుంగ జారి నడుం విరిగినా అటు మిల్లుది కాదు, ఇటు రైతుది కాదు, మేస్త్రీ ఆ రోజు నుంచి ఫోను ఎత్తడు. పరిశ్రమలో శిక్షణ అని ఒప్పందం రాసుకునేవాళ్లకు వీళ్లు పరిశ్రమలో భాగంగా కనబడరు. నరికివేత సేవ మిల్లు బాధ్యత అని 1988లో రాసుకున్న మాట ఇక్కడ గుర్తు చేయాలి.

శిక్షణ కింది మనిషి దాకా వెళితే ఏం జరుగుతుందో మన విశాఖ మన్యమే చూపింది. తపసి బంక తీసే గిరిజనులు ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గాటు పెట్టేవారు. బంక ఎక్కువ కారేది, కొన్నాళ్లకు చెట్టు చచ్చేది. కారిన బంకలో బెరడు పొట్టు, మట్టి కలిసి రంగు మారేది, రేటు పడిపోయేది. గిరిజన సహకార సంస్థ, కోవెల్ ఫౌండేషన్ వంటివి ఊరూరా తిరిగి, పైపైన సన్నగా గాటు పెట్టడం, గాయం మానే వ్యవధి ఇవ్వడం, శుభ్రంగా సేకరించి రంగును బట్టి అక్కడికక్కడే వేరు చేయడం నేర్పాయి. చెట్టు బతికింది, సరుకు నాణ్యత పెరిగింది, చేతికొచ్చే రేటు పెరిగింది. అక్కడ శాస్త్రం ప్రయోగశాల నుంచి నేరుగా కత్తి పట్టిన చేతికి చేరింది. సేకరించేవాడు అడిగిన ప్రశ్నకు జవాబు వెతికారు గనుక అది నిలిచింది. గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ల మీద మాకున్న ఫిర్యాదులు వేరే, వాటిని మరోసారి మాట్లాడుకుందాం.

ఒప్పందం అంటే మూడు నాలుగు పక్షాలు ఉండటం ఈ దేశంలో కొత్తేమీ కాదు. 1984లోనే ఉత్తరాదిలో విమ్కో అగ్గిపెట్టెల కంపెనీ పోప్లార్ పథకం నడిపింది. నాబార్డు అండతో బ్యాంకు అప్పిచ్చింది, కంపెనీ మొక్కతో పాటు ఏళ్ల తరబడి సాంకేతిక సలహా, తిరిగి కొంటామన్న హామీ ఇచ్చింది. ఆ హామీ ఉన్నందుకే రైతు ధైర్యం చేశాడు. ప్లైవుడ్ వాళ్లు ఎక్కువ ఇస్తే వాళ్లకే అమ్ముకున్నాడు. అందరూ నాటేసరికి 2000 దశకం మొదట్లో ధర కూలింది, ఆ పాఠమూ మనకు కావాలి. తమిళనాడులో మెట్టుపాళయం అటవీ కళాశాల మధ్యవర్తిగా రైతు, మిల్లు, బ్యాంకు, పరిశోధనా సంస్థ నలుగురూ ఉండే ఒప్పంద సేద్యం నడిచింది. లోటుపాట్లు అక్కడా ఉన్నాయి. అయినా ఒప్పంద పత్రంలో రైతు పేరు ఉంది. మన దగ్గర మొక్క కొన్న బిల్లు తప్ప చేతిలో కాగితం ఉండదు. ధర గురించి ప్రభుత్వం సమక్షంలో కూర్చున్నప్పుడు ఒక అంకె, మూడు నెలలు తిరిగేసరికి గేటు దగ్గర ఇంకో అంకె.

చేతిలో ఉన్న చట్టాన్ని కూడా మనం వాడుకోవడం లేదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో వచ్చింది. జామాయిల్, సరుగుడు క్లోన్లను కూడా దాని కింద నమోదు చేసుకోవచ్చు. కంపెనీలు తమ హక్కు కోసం నమోదు చేసుకుంటున్నాయి. అదే చట్టంలో 39వ సెక్షన్ రెండో ఉపవిభాగం మనది. నమోదైన రకాన్ని అమ్మేవాడు ఏ పరిస్థితుల్లో ఎంత ఫలితం వస్తుందో రైతుకు చెప్పాలి. చెప్పినంత రాకపోతే రైతు పరిహారం కోరవచ్చు. మొక్కకు ఇంత అని బిల్లు ఇచ్చేటప్పుడు దాని వెనక ఈ నేలలో, ఇంత వానకు, ఇన్నేళ్లకు ఇన్ని టన్నులు అని రాసివ్వమని ఎంతమందిమి అడిగాం? బిల్లు మీద క్లోన్ నంబరైనా ఉందా?

కొత్తగా కార్బన్ మాట వినబడుతోంది. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా రైతుల తోటలు పీల్చుకున్న కార్బన్‌ను ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్‌కు అమ్మిన పథకం ఇప్పటికే ఒకటి నడిచింది. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపారానికి పథకం ప్రకటించింది. ఇక మొక్కతో పాటు ఒక దరఖాస్తు ఫారం మీద సంతకం అడిగే రోజులు దగ్గరే. ఆ సంతకంతో క్రెడిట్ ఎవరి పేర రాస్తారు, వచ్చిన దానిలో ఎంత రైతుకు, తోట మధ్యలో తీసేస్తే జరిమానా ఉంటుందా? చదవకుండా పెట్టవద్దు. తెలుగులో లేకపోతే అసలే పెట్టవద్దు.

ఇదంతా చెప్పినప్పుడు మన సంఘంలోనే కొందరు ఒక మాట అంటారు. తోటలు పెంచేది ఎక్కువగా పట్నంలో ఉద్యోగం చేసుకునే భూస్వాములు, కౌలుకిచ్చే తలనొప్పి లేకుండా జామాయిల్ వేసి పోతున్నారు, వాళ్ల కోసం మనమెందుకు గొంతు చించుకోవాలి అని. ఆ మాటలో నిజం ఉంది. నల్లరేగడి పొలాలకు సుబాబుల్ వచ్చాక ఎంతమంది కౌలు రైతులు భూమి వదులుకున్నారో, ఎన్ని కూలి దినాలు పోయాయో మేము చూశాం. అందుకే పరిశోధన ప్రశ్నల్లో అదీ ఉండాలంటున్నాం. గట్ల మీద, చౌడు చెలకల్లో, పంట పండని మెట్టలో ఏ చెట్టు, ఎంత మేర వేస్తే కౌలుదారు బతుకు పోకుండా ఉంటుందో చెప్పే శాస్త్రం కావాలి. అది కూడా మిల్లు అడిగే ప్రశ్న కాదు. ఇక రెండెకరాల మెట్ట రైతు, సముద్రం ఒడ్డున ఇసుక నేలలో సరుగుడు తప్ప ఏదీ మొలవని రైతు భూస్వామి కాడు. గుత్త బేరంలో ముందు మునిగేది వాడే.

డబ్బు పెట్టేది కంపెనీ అయితే మీ కుర్చీ ఏమిటి అని అధికారులు అడుగుతారు. క్లోన్‌ను పరీక్షించిన నేల ఎవరిది? పొరపాటు క్లోన్ అని తేలినప్పుడు నాలుగేళ్లు పోగొట్టుకున్నది ఎవరు? ప్రభుత్వ సంస్థ శాస్త్రవేత్త జీతం ఎవరి పన్ను? కంపెనీ పెట్టింది డబ్బు. మనం పెట్టింది భూమి, కాలం. ఆ రెండూ తిరిగి రావు.

కాబట్టి మన సంఘం రెండు రాష్ట్రాల అటవీ, వ్యవసాయ శాఖలను కోరేది ఇది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం, కళాశాల, పరిశోధనా సంస్థ ఏదైనా అటవీ ఉత్పత్తుల కంపెనీతో పరిశోధనకో శిక్షణకో ఒప్పందం చేసుకుంటే దాన్ని తెలుగులో బయటపెట్టాలి. దాని సలహా సంఘంలో సాగుదారుల ప్రతినిధులు, నరికివేత కార్మికుల ప్రతినిధులు ఉండాలి, కౌలు రైతు ఒకరు తప్పకుండా ఉండాలి. తేమ, తూకం మీద పరిశోధనను ఈ ఏడాదే మొదలుపెట్టాలి, దానికి డబ్బు మార్కెట్ సెస్సులోంచి తీయాలి. అది మన కర్ర మీద వసూలు చేసిన సొమ్మే. మార్కెట్ కమిటీ కాటా మీద తూచనిదే మిల్లు గేటు తూకం చెల్లదని ఉత్తర్వు ఇవ్వాలి.

సభ్యులకు ఒక పని. సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోట ఉన్నవాళ్లు, గత రెండు కోతల్లో అమ్మినవాళ్లు, మొక్కల బిల్లు, కాటా చీటీ, చెల్లింపు రసీదు జిరాక్సు తీయించి మండల కార్యదర్శికి ఇవ్వండి. నరికిన తేదీ, లారీ ఎక్కించిన తేదీ, తూచిన తేదీ గుర్తుంటే వెనక రాయండి. గుత్తకిచ్చిన వాళ్లు ఎకరానికి ఎంతకిచ్చారో, దళారి ఎన్ని లారీలు తోలాడో రాస్తే చాలు. ఈ మూడు తేదీలు, ఒక బరువు ఉన్న చీటీలు కొన్ని వందలు చేతికొస్తే, ఆ పరిశోధనను మనమే మొదలుపెట్టినట్టు. పేర్లు బయటపెట్టం. వచ్చే సంచికలో లెక్క వేస్తాం.